చుక్కాని నుండి హ్యాండిల్‌బారు వరకు

కోనసీమ అనగానే మన కన్నులకు కట్టేవి కొబ్బరితోటలు, వరిచేలు, అరటితోపులు, నిండుగా పారే కాలువలు. గౌతమి, వసిష్ఠ అనే రెండు గోదావరి పాయల నడుమ, వైనతేయ చీల్చిన ఈ త్రికోణపు గడ్డ అందాన్ని గురించి కవులు చెప్పినది చాలా ఉన్నది, యాత్రికులు వ్రాసినది చాలా ఉన్నది. ఆ అందాన్ని చూడబోయినవాని చేతులు ఏమైనవో మాత్రం సాధారణంగా ఎవరూ చెప్పరు. ఈ ప్రసంగంలో ఆ చిన్న విషయాన్నే తీసికొంటున్నాను. దూరప్రయాణం చేసిన మోటారు సైకిలు చోదకునికి చేయి, మణికట్టు ఎందుకు నొప్పిపెడతాయి? ఈ నొప్పికి ఒక చరిత్ర ఉన్నదా? ఉన్నదనే నా మనవి.

కొన్ని ఏండ్ల క్రిందట, కాలువ పడవల కాలంనాటి జ్ఞాపకాలను రికార్డు చేయడానికై విజయవాడ నుండి అమలాపురానికి మోటారు సైకిలుపై బయలుదేరినాను. సిద్ధాంతం వద్ద వసిష్ఠను దాటి, రావులపాలెంలో జాతీయ రహదారిని విడిచి, కొత్తపేట చేరుసరికి కుడిచేతి చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు మొద్దుబారినవి. టీ గ్లాసు పట్టుకొంటే వణికినది. అలసట అనుకొని ముందుకు సాగినాను. అమలాపురం దాటి ఒక కాలువగట్టు పల్లెలో, ఎనభై ఏండ్లు పైబడిన ఒక సరంగు ఇంటి అరుగుమీద కూర్చొని ఆయన పేరు వ్రాసికొనబోతే కలం జారి క్రిందపడినది. ఆయన నవ్వి, "ఆయ్, మా చేతులూ అట్టాగే అయ్యేవండి. చుక్కాని బిగబట్టినోడికి సాయంత్రానికి చెయ్యుండదండి బాబూ!" అన్నాడు. నేను ఆయన అనుభవాన్ని రికార్డు చేయడానికి వెళితే, ఆయన ముందుగా నా అనుభవానికి అర్థం చెప్పినాడు. ఈ ప్రసంగానికి మూలం ఆ మాటే.

చుక్కాని కాలంతోనే మొదలుపెడదాము. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో ప్రారంభమై 1852లో ముగిసినది. ఆర్థర్ కాటన్ కట్టించిన ఆ ఆనకట్ట వలన కోనసీమకు నీరు మాత్రమే కాదు, బాట కూడ వచ్చినది. కాలువలను సేద్యానికి, పడవల రాకపోకలకు ఉభయతారకంగా త్రవ్వి, ఎత్తుపల్లాలున్న చోట్ల లాకులు కట్టినారు. గన్నవరం వద్ద కాలువనే వంతెన మీదుగా వైనతేయను దాటించినారు. లెఫ్టినెంట్ హేగ్ ఆధ్వర్యంలో 1850 దశకంలో 49 ఖానాలతో నిర్మించిన ఆ అక్విడక్టు ఒకటిన్నర శతాబ్దం పాటు అటువైపు పొలాలకు నీరందించినది. దాని స్థానంలో 2000లో వచ్చిన కొత్త అక్విడక్టుకు, ఆకలిగొన్నవారికి అన్నంపెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకొన్నాము.

ఆ కాలువలలో ధాన్యం, కొబ్బరి, కలప, పెండ్లివారు, అందరూ పడవలపైననే ప్రయాణం చేసేవారు. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవారు. లేనప్పుడు గట్టుమీద నడుస్తూ మనుష్యులు భుజాన తాడు వేసికొని పడవను లాగేవారు. లోతు తక్కువైన చోట గెడకర్ర, లోతైన చోట తెడ్డు. తాడు లాగేవాని భుజం, గెడ వేసేవాని ఱొమ్ము, తెడ్డు వేసేవాని ముంజేయి, చుక్కాని పట్టేవాని మణికట్టు అలసిపోయేవి. అయితే ఈ అలసటలో ఒక విశేషమున్నది. బరువంతటినీ నీరు మోసేది. చేయి కదలికనిచ్చేది, దారి చూపేది. నీటిలో గతుకులు లేవు. అందువలన చేతికి శ్రమ ఉండేది కాని అదురు ఉండేది కాదు. అనుభవమున్న సరంగు చుక్కానిని వ్రేళ్ళతో తాకినట్లు పట్టుకొని, అవసరమైనప్పుడు మాత్రమే ఒత్తేవాడు. కొత్తవాడు భయంతో బిగించి పట్టుకొని సాయంత్రానికి చేయి పోగొట్టుకొనేవాడు. ఆ వృద్ధుడు చెప్పినది ఇదే.

నీటిబాట తరువాత నేలబాట వచ్చినది. ఒండ్రుమట్టి గట్లమీద కంకర పరచినారు. ఎడ్లబండి, జట్కా, ఆ తరువాత సైకిలు నడిచినవి. నీరు మోసిన బరువును ఇప్పుడు చక్రం మోయవలసి వచ్చినది. చక్రం నేలను తాకిన ప్రతి గతుకూ పైకి వచ్చి ఎవరో ఒకరి శరీరంలో ఆగవలెను. 1860 దశకంలో ఐరోపాలో ఇనుపపట్టా వేసిన చక్రాలతో సైకిళ్ళు బయలుదేరినప్పుడు ఇంగ్లండు ప్రజలు వాటికి "బోన్‌షేకరు" అని పేరు పెట్టినారు. ఎముకలను కుదిపివేసేది అని అర్థం. 1888లో బెల్‌ఫాస్టు నగరంలో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్, తన కుమారుని మూడుచక్రాల బండి సుఖంగా సాగవలెనని గాలి నింపిన రబ్బరు టైరును తయారుచేసి పేటెంటు పొందినాడు. మనిషి చేయి, నడుము ఇంతకాలం భరించిన అదురులో కొంత భాగాన్ని గాలి భరించడానికి ఒప్పుకొన్నది.

అయినప్పటికీ చేతికి పూర్తిగా విముక్తి కలుగలేదు. 1896లో దెస్తో అనే ఫ్రెంచి వైద్యుడు, సైకిలు త్రొక్కేవారిలో చిటికెనవ్రేలివైపు నరం దెబ్బతిని చేయి బలహీనమగుటను వర్ణించినాడు. అరచేతి మడమవంటి భాగంపై, అనగా చిటికెనవ్రేలి క్రింది కండపై, శరీరభారం మోపి హ్యాండిలును గంటల తరబడి నొక్కిపెట్టడమే ఇందుకు కారణం. కొత్తపేటలో నా రెండు వ్రేళ్ళు మొద్దుబారుటకు కారణం, నూరేండ్లకు పూర్వమే ఒక వైద్యుడు చెప్పినదన్నమాట.

ఇక ఇంజను కథ. జర్మనీలో గోట్‌లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాక్ అనేవారు 1885లో చెక్కచట్రానికి పెట్రోలు ఇంజను అమర్చి నడిపిన బండిని మోటారు సైకిలు జాతికి మూలపురుషునిగా ఎంచుతారు. 1894లో హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లరు అనేవారి బండితో మోటారు సైకిలు విపణిలోకి వచ్చినది. ఇంజను రాకతో చేతికి రెండవ శత్రువు పుట్టినది. మొదటిది నేలనుండి వచ్చే కుదుపు. రెండవది ఇంజనులోనుండి వచ్చే కంపనం. కుదుపును మనం గుర్తిస్తాము, తిట్టుకొంటాము, తప్పించుకొంటాము. కంపనాన్ని కొంతసేపటికి మరచిపోతాము. అపాయం అందులోనే ఉన్నది.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక్క సిలిండరు గల ఇంజను నిమిషానికి 3,000 సార్లు తిరుగుతున్నదనుకొందాము. లోపలి ముషలకం ప్రతి చుట్టులో ఒకసారి పైకి పోయి క్రిందికి రావలెను. దాని విసురును పూర్తిగా సరిదూచుట సాధ్యంకాక, సెకనుకు 50 సార్లు బండి చట్రం అదురుతుంది. రెండు గంటల ప్రయాణంలో ఆ సంఖ్య 3,60,000 అవుతుంది. ఒక్కొక్క అదురు చీమకాటుకన్న అల్పమైనదే. కాని మూడున్నర లక్షల అల్పములు కలిసి అనల్పమగుట ఆశ్చర్యంకాదు.

ఈ సంగతిని ముందుగా కనిపెట్టినవారు మోటారు సైకిళ్ళు చేసినవారు కారు. వృత్తులను, వ్యాధులను జతపరచి చూచిన వైద్యులు. ఇటలీలో బెర్నార్డినో రమజీని 1700లో వృత్తివ్యాధులపై ఒక గ్రంథం ప్రకటించినాడు. 1713 నాటి ప్రతిలో లేఖకుల గురించి వ్రాస్తూ, ఎడతెగక కూర్చొనుట, చేతిని ఒకే తీరుగా అదేపనిగా కదలించుట, మనస్సుకు విశ్రాంతి లేకపోవుట అనే మూడింటిని వారి బాధకు కారణములుగా చెప్పినాడు. దూరప్రయాణం చేసే చోదకునికి ఈ మూడూ వర్తిస్తాయి. 1854లో ఇంగ్లండులో జేమ్స్ పాజెట్ మణికట్టువద్ద నరం ఒత్తిడికి లోనగుటను వర్ణించినాడు. మణికట్టు లోపలివైపు ఎముకల నడుమ ఒక ఇరుకైన సొరంగం ఉన్నది. వ్రేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయువులు, ఒక ముఖ్యమైన నరం ఆ సొరంగంలోనుండియే పోవలెను. స్నాయువులు వాచినా, మణికట్టు ఎక్కువసేపు వంగి ఉన్నా ఇరుకున పడేది నరమే. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కుతాయి. 1950 తరువాత అమెరికాలో జార్జి ఫేలెన్ అనే శస్త్రవైద్యుడు ఈ జబ్బును సులభంగా గుర్తించే పరీక్షను ప్రచారంలోకి తెచ్చినాడు.

కంపనం సంగతి వేరుగా బయటపడినది. 1911లో ఇటలీలో లోరీగా అనే వైద్యుడు గాలిశక్తితో నడిచే సుత్తులతో పనిచేసే రాతిపనివారి చేతులను పరిశీలించినాడు. 1918లో అమెరికాలో ఆలిస్ హామిల్టన్ అనే విదుషీమణి, ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ సున్నపురాతి గనుల పనివారిని చూడబోయినది. చలి ఉదయాలలో వారి వ్రేళ్ళు రక్తంలేక తెల్లగా పాలిపోయేవి. ఉలి పట్టుకొనేది ఎడమచేయి గనుక బాధ ఆ చేతికే అధికం. మోటారు సైకిళ్ళ విషయానికి వస్తే, ఇటువంటి జబ్బునే ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో జపాను వైద్యులు తమ దేశపు తపాలావారిలో గుర్తించినారు. వారు చలిలో, ఎండలో, ఏండ్ల తరబడి మోటారు సైకిళ్ళపై ఇంటింటికీ ఉత్తరాలు పంచినవారు. విహారానికి పోయినవాడు ఒకనాడు పడే బాధ, జీవనోపాధికై తిరిగేవానికి వ్యాధిగా పరిణమిస్తుందని ఈ ఉదంతం చెప్పుతున్నది.

వైద్యులు చూపిన దోషాన్ని యంత్రశిల్పులు క్రమంగా దిద్దుకొంటూ వచ్చినారు. 1935లో జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. కంపెనీ, ఒక గొట్టంలో మరొక గొట్టం జారుతూ నూనెతో కుదుపును అణచే ముందు ఫోర్కును తన బండ్లకు అమర్చినది. 1949 నాటి ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ బండికి వెనుకచక్రం కూడ స్ప్రింగులపై ఊగే ఏర్పాటు వచ్చినది. 1967లో నార్టన్ కంపెనీ ఇంజనును రబ్బరు దిమ్మెలపై కూర్చోబెట్టి, అదురు చట్రానికి అంటకుండ చూచినది. తరువాత ఇంజను లోపలనే ఎదురుబరువు గల కడ్డీని త్రిప్పి, ఒక విసురును మరొక విసురుతో రద్దుపరచే పద్ధతి వ్యాపించినది. చేతికి సోకే కంపనాన్ని కొలిచే విధానం 1986లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడినది. 2002లో ఐరోపా సమాఖ్య, ఎనిమిది గంటల పనిదినానికి 2.5 ప్రమాణం దాటితే యజమాని జాగ్రత్తలు చేపట్టవలెననీ, 5 ప్రమాణం మించరాదనీ శాసించినది. సెకనుకు, సెకనుకు ఇన్ని మీటర్లు అనేది ఆ కొలత. నొప్పిని పనివాని సుకుమారతగా కాక, కొలిచి చూపదగిన విషయంగా లోకం అంగీకరించుటకు ఇంతకాలం పట్టినది.

మనదేశంలో ఈ చరిత్ర కొంత ఆలస్యంగా నడచినది. 1955లో మదరాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి బుల్లెట్ బండ్లను మనకు అందించినది. 1960 దశకంలో మైసూరునుండి జావా, ఉత్తరాదినుండి రాజ్‌దూత్ వచ్చినవి. బండి కావలెనన్నవారు డబ్బు కట్టి వేచి ఉండిన రోజులవి. 1980 దశకం నడుమ జపాను కంపెనీల సహకారంతో తేలికపాటి బండ్లు రాగానే ఆ పరిస్థితి మారినది. ఆస్తిపరుని హోదాగా ఉండిన మోటారు సైకిలు, మధ్యతరగతివాని అవసరమై, క్రమంగా కూలివాని పనిముట్టయినది.

కోనసీమలో ఈ మార్పుకు ప్రత్యేక కారణమున్నది. ఇక్కడ రైలు లేకపోయినది. కాకినాడనుండి 1928లో కోటిపల్లి వరకు వచ్చిన రైలుబాట గౌతమి ఆవలి ఒడ్డుననే ఆగిపోయినది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆ పట్టాలను కూడ ఊడబెరికినారు. వాటిని మరల పరచుటకు 2004 వరకు ఆగవలసి వచ్చినది. పడవలు తగ్గిపోయినవి. వంతెన లేనిచోట పంటిమీద బండి ఎక్కించి నది దాటేవారు. 2002లో యానాం, ఎదుర్లంకల నడుమ గౌతమిపై బాలయోగి గారి పేర వారధి వెలసినది. మిగిలిన పాయలపై కూడ వంతెనలు వచ్చినవి. 2022లో కోనసీమ ప్రత్యేక జిల్లాయై అంబేద్కరు పేరు ధరించినది. దూరాలు తగ్గినవి. దూరాలు తగ్గినకొద్దీ మనిషి మరింత దూరం పోవడం మొదలుపెట్టినాడు. రాజోలునుండి రాజమహేంద్రవరానికి ఉదయం పోయి రాత్రికి తిరిగివచ్చేవారు నేడు వింతకాదు.

వీరిలో ఎవరి చేయి ఎంత విలువైనదో ఒకసారి ఆలోచించండి. కొబ్బరి దింపు కార్మికుడు తెల్లవారుజామున ఊరు విడిచి, గతుకుల బాటలో బండి నడుపుకొంటూ తోటకు చేరుతాడు. దిగినవెంటనే చెట్టెక్కవలెను. అంత ఎత్తున అతని ప్రాణానికి ఆధారం ఆ చేతిపట్టే. వలుపు కార్మికుడు గునపంపై కాయను గ్రుచ్చి మణికట్టు త్రిప్పుతూ పీచు ఒలుస్తాడు. పగలంతా ఆ పని చేసి సాయంత్రం అదే మణికట్టుతో యాక్సిలేటరు త్రిప్పుకొంటూ ఇంటికి పోతాడు. బండికి రెండువైపులా గెలలు వ్రేలాడగట్టి అంబాజీపేట సంతకు పోయేవానికి, ముందుభాగం తేలిపోతుంటే హ్యాండిలును బిగించి పట్టుకొనక తప్పదు. ఇటువంటివారు తిమ్మిరిని గురించి ఎవరితోనూ చెప్పరు. చెప్పినా "అలవాటవుతుందిలే" అనే మాటే వినబడుతుంది. నరం మొద్దుబారుటను అలవాటని పిలుచుట మనం చేసే మొదటి పొరపాటు.

నివారణోపాయాలు సులభమైనవే. ఆ సరంగు చెప్పిన సూత్రమే మొదటిది. హ్యాండిలు దారి చూపుటకే కాని వ్రేలాడుటకు కాదు. మోకాళ్ళతో పెట్రోలు ట్యాంకును హత్తుకొని, నడుముపై తన బరువు తానే మోసికొని కూర్చుంటే చేతులు తేలికపడతాయి. మోచేతులు కొంచెం వంగి ఉండవలెను. బిర్రుగా చాచిన చేయి ప్రతి కుదుపును నేరుగా భుజానికి చేరవేస్తుంది. బ్రేకు, క్లచ్చి మీటలు ముంజేతికి సూటిగా ఉండునట్లు మెకానిక్కుచేత త్రిప్పించుకొనవలెను. అవి మరీ పైకిగాని క్రిందికిగాని ఉంటే మణికట్టు దినమంతా విరిచి పట్టినట్లే అవుతుంది. క్లచ్చి తీగ బిగుసుకొనిపోతే మార్పించవలెను. టైర్లలో గాలి అతిగా నింపరాదు, తగ్గనీయరాదు. ఇంజను బిగించిన బోల్టులు వదులైతే, ఫోర్కులో నూనె కారిపోతే, ఆ లోటును తీర్చేది మన చేయే. గంటకొకసారి ఆగి, దిగి, వ్రేళ్ళు చాచి ముడుచుటకు అయిదు నిమిషాలు చాలు. పట్టిన బరువులో అధికభాగాన్ని వెనుక చక్రానికి అవతలగా వ్రేలాడగట్టక, వీలైనంత ముందుకు, క్రిందికి కట్టుట క్షేమం.

ఇన్ని చేసినా నొప్పి తగ్గకపోతే డాక్టరును చూడవలెను. ఆగిన కొంతసేపటికి పోయే తిమ్మిరి ఒక ఎత్తు. మరునాటికి కూడ నిలిచే తిమ్మిరి, రాత్రి నిద్రలేపే జోము, చేతిలోని వస్తువు జారిపోవుట, బొటనవ్రేలి మొదటి కండ క్రుంగిపోవుట మరొక ఎత్తు. ఇవి నరం దెబ్బతింటున్న సూచనలు. సకాలంలో చూపిస్తే పట్టీతోనో, విశ్రాంతితోనో, చిన్న శస్త్రచికిత్సతోనో నయమగు జబ్బు, ఉపేక్షిస్తే చేతిని శాశ్వతంగా బలహీనపరుస్తుంది. మరొక హెచ్చరిక. నొప్పి చేతిలో ఉన్నంతమాత్రాన కారణం బండియే అనుకొనరాదు. ఱొమ్ములో బరువు, చెమట, ఆయాసంతో కూడి చేయి లాగుతుంటే అది గుండెకు సంబంధించినది కావచ్చును. అప్పుడు బండి ఎక్కక, ఇతరుల సహాయంతో వెంటనే ఆసుపత్రికి పోవలెను.

చరిత్ర అనగా రాజుల కథలే కానక్కరలేదు. ఒక మణికట్టుకు కూడ చరిత్ర ఉన్నది. కాలువ బరువును మోసినంతకాలం చేయి దారి మాత్రమే చూపినది. కాలువ పోయి రోడ్డు వచ్చినప్పుడు రోడ్డు భరించనిదానిని బండి, బండి భరించనిదానిని చేయి భరించవలసి వచ్చినది. గాలి టైరు, నూనె ఫోర్కు, రబ్బరు దిమ్మె, ఇవన్నియు చేతిమీది భారాన్ని కొంచెం కొంచెంగా దింపిన మానవ ప్రయత్నాలు. మిగిలిన భారం గతుకులు పూడ్చని రోడ్డుది, మరమ్మతు వాయిదా వేసే మనది. కనుక ఇంటికి వచ్చిన కుమారుడు గాని, తోటకు వచ్చిన కార్మికుడు గాని చేయి విదిలించుకొంటూ బండి దిగితే, "అంతమాత్రానికేనా?" అని అనకండి. ఎంతదూరం వచ్చినావు, వ్రేళ్ళలో తెలివి ఉన్నదా అని అడగండి. ఆనాడు ఆ అరుగుమీద క్రిందపడిన కలాన్ని సరంగు తీసి నా చేతికిచ్చినాడు. తానే ముందుగా నా వ్రేళ్ళను ఒక్కొక్కటిగా నొక్కి చూచిన తరువాతనే ఇచ్చినాడు.